జలధికీ జలధరానికీ మధ్య

‘జలధరం’ అంటే ఏమిటి? అ) సముద్రం ఆ) మేఘం ఇ) తామర ఈ) చేప. పదో తరగతి తెలుగు పరీక్ష మొదలుకొని టీచరు ఉద్యోగాల డీఎస్సీ దాకా ఈ తరహా ప్రశ్నకు కొరత లేదు. మాట ముందెన్నడూ వినని విద్యార్థి దాన్ని విడదీస్తాడు. జలం అంటే నీరు, ధరం అంటే ధరించేది. తామర నీటిని మోయదు, చేపా మోయదు. రెండు జవాబులు వాటంతటవే పోయాయి. మిగిలిన రెండింటి దగ్గరే చిక్కు. సముద్రం నీటిని ధరిస్తుంది, మేఘమూ ధరిస్తుంది. సరైన జవాబు మేఘం. అయితే ఆ సంగతి జలం అన్న ముక్కలోనూ లేదు, ధరం అన్న ముక్కలోనూ లేదు. ఇంచుమించు అదే అర్థమిచ్చే ‘జలధి’ మాత్రం సముద్రం. తెలియని మాటకు అర్థం పట్టడంలో వ్యుత్పత్తి ఎంతవరకు తోడు వస్తుంది, ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది అన్నది ఈ ఒక్క ప్రశ్నలోనే కనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే: మాట మూలం అర్థానికి హద్దు గీస్తుంది, ఆ హద్దు లోపల ఏది అన్నది సందర్భమే తేల్చాలి. కోచింగ్ పుస్తకాలు మొదటి పనిని చూపించి రెండోది కూడా అందులోనే అయిపోయిందన్నట్టు రాస్తాయి.

ముందు మూలానికి దక్కవలసిన గౌరవం దానికి ఇద్దాం. నెల్లూరు తీరంలో ఎక్కడ నిలబడినా తూర్పున కనిపించే ఆ ఒక్క సముద్రానికి మన నిఘంటువుల్లో పేర్లు లెక్కకు మిక్కిలి. అమరకోశంలో మొదటి కాండం చివరనున్న వారివర్గం తెరిస్తే వరసగా ఎదురవుతాయి. వాటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టనక్కరలేదు. నీటికి జల, వారి, అంబు, నీర, తోయ, పయస్ అని ఆరు మాటలు తీసుకోండి. చివర ధి చేర్చితే సముద్రం, జ చేర్చితే తామర, ద చేర్చినా ధర చేర్చినా మేఘం. జలధి, వారిధి, అంబుధి, నీరధి, తోయధి, పయోధి అన్నీ సముద్రమే. వారిజం, అంబుజం, తోయజం తామరలే. వారిదం, అంబుదం, తోయదం మబ్బులే. పది ముక్కలు గుర్తుంటే ఇరవై నాలుగు మాటలు చేతికొచ్చినట్టే. ఇంగ్లీషులోనూ ఇలాంటి లాభమే ఉంది. అమెరికా పాఠ్యపుస్తకాల్లోని మాటలను పరిశీలించి వైట్, సోవెల్, యానగిహారా 1989లో ప్రచురించిన లెక్క ప్రకారం, ముందు ప్రత్యయం ఉన్న మాటల్లో 58 శాతం అన్, రీ, ఇన్, డిస్ అనే నాలుగింటితో వచ్చినవే. ఇరవై ప్రత్యయాలు తెలిస్తే 97 శాతం లోపలికి వచ్చేస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రాబడి ఇచ్చే చదువు ఇంకొకటి దొరకడం కష్టం. కాబట్టి మూలాల పట్టికలు దండగ అనే వాదన నాది కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, పట్టికలో ఇమడని మాటలు ఆ పట్టికలో ఉన్నవాటిలాగే కనిపిస్తాయి. నీరజం, నీరదం, నీరసం, నీరవం అన్న నాలుగు మాటలను వరసగా పెట్టి చూడండి. నాలుగింటికీ తల ఒక్కటే. మొదటి రెండింటిలో ఉన్నది నీరు. తరువాతి రెండింటిలో నీరు చుక్క కూడా లేదు. నిర్ అనే ఉపసర్గకు రేఫతో మొదలయ్యే మాట తగిలినప్పుడు మొదటి రేఫ జారిపోయి ముందున్న ఇకారం దీర్ఘమవుతుంది. రసం లేనిది నీరసం, రవం లేనిది నీరవం. అంతకన్నా తమాషా ఏమిటంటే, సంస్కృత నిఘంటువుల్లో నీరదానికే ‘పళ్ళు లేనిది’ అనే అర్థం కూడా ఉంది, రదం అంటే పన్ను కనుక. ఒకే అక్షరాల వరసను ఒక చోట కోస్తే మేఘం, ఇంకోచోట కోస్తే బోసినోరు. అంబుజం తెలిసినవాడు అంబరాన్ని చూసి నీటి కుటుంబంలో వేసేస్తాడు. అది ఆకాశం, వస్త్రం. వారిధి సముద్రం, వారధి వంతెన. ఒక్క గుడి తేడాతో దాటవలసినది దాటించేదిగా మారిపోతుంది. వెంకటగిరి చీర అంచును వర్ణించే జలతారులో జలం లేదు. అది పారసీకం నుంచి వచ్చిన జరతారు, అంటే జరీ పోగు. ఇక పులికాట్ సరస్సు పేరులో పులిని వెతకడం శుద్ధ దండగ. తమిళుల పళవేర్కాడును పరాయివాళ్ళు పలికిన తీరు మనకు పులిగా తిరిగొచ్చింది.

ఇలాంటి మాటలను గురించి ఇజ్రాయెల్ పరిశోధకురాలు బాత్యా లౌఫర్ పని చేశారు. పరభాషలో చదివేవారికి తెలియని మాటలకన్నా, తెలుసునని భ్రమపడే మాటలు ఎక్కువ హాని చేస్తాయని ఆమె చూపించారు. తెలియని మాట దగ్గర పాఠకుడు ఆగుతాడు, చుట్టుపక్కల చూస్తాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు. పైగా తాను ఊహించిన తప్పుడర్థానికి తగ్గట్టు మిగతా వాక్యాన్నే వంచుకుంటాడు. వ్యుత్పత్తి పాఠాలు బాగా వంటబట్టిన విద్యార్థికి ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అతనికి ప్రతి మాటా తెలిసిన ముక్కల్లాగే కనిపిస్తుంది.

ముక్కలు సరిగ్గా విడదీసినా అర్థం పక్కకు పోవచ్చునన్నది రెండో చిక్కు. దీన్ని మన శాస్త్రకారులు బాగా గుర్తించారు. న్యాయశాస్త్రంలో పదాలను రూఢం, యౌగికం, యోగరూఢం, యౌగికరూఢం అని నాలుగు తెగలుగా విభజించారు. బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా పంకజం అన్నది ఒక్క తామరకే చెల్లింది; అది యోగరూఢం. వ్యుత్పత్తికీ వాడుకకూ పేచీ వస్తే వాడుకే నెగ్గుతుందని వాళ్ళు తీర్పు కూడా ఇచ్చేశారు. శ్రీహరికోట దీనికి మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఈ దీవికి తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్. ద్వీపం అన్న మాటకు వైయాకరణులు చెప్పే వ్యుత్పత్తి ‘రెండు పక్కల నీరున్నది’. పటం చూస్తే అచ్చం శ్రీహరికోట కోసమే పుట్టించిన మాట అనిపిస్తుంది. కానీ భూగోళ పుస్తకం అడిగేది నాలుగు పక్కల నీరు. వ్యుత్పత్తిని పట్టుకుని రెండు పక్కలని రాసిన విద్యార్థికి మార్కు పోతుంది, వాడి వ్యాకరణం నిక్షేపంగా ఉన్నా సరే.

అదే శ్రీహరికోట నుంచి 1980 జులై 18న రోహిణి కక్ష్యలోకి వెళ్ళింది. దాన్ని మనం ఉపగ్రహం అన్నాం. ఉప, గ్రహం అని రెండు ముక్కలు చేస్తే గ్రహానికి దగ్గరగా ఉండేదనో, చిన్న గ్రహమనో అర్థం వస్తుంది. ఖగోళ పాఠంలో భూమికి ఉపగ్రహం చంద్రుడు. పంచాంగం చూసే సిద్ధాంతిగారికి ఉపగ్రహాలంటే గుళికుడూ ఆ పక్కవారూను. పక్కనున్న సూళ్ళూరుపేట జనానికి ఉపగ్రహం అంటే శ్రీహరికోటలోని షార్ కేంద్రం నుంచి ఎగిరే యంత్రం. మూలం ముగ్గురికీ ఒక్కటే, అర్థాలు మూడు. ఉపసర్గల విషయంలో ఈ గొడవ ఇంకా ముదురుతుంది. గ్రహ అన్న ధాతువుకు పట్టుకోవడం అని అర్థం చెప్పి ఊరుకుంటే అనుగ్రహం, ఆగ్రహం, నిగ్రహం, విగ్రహం, సంగ్రహం అన్న ఐదు మాటల్లో ఏ ఒక్కదాని అర్థాన్నైనా ఊహించగలిగేది ఎవరు? ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే వరసను సంస్కృతం చదివే ప్రతి విద్యార్థికీ మొదట్లోనే చెప్తారు. ఉపసర్గ ధాతువును ఎటైనా లాక్కుపోగలదని హెచ్చరించడానికే ఆ పాఠం. ఉపసర్గల పట్టికను అచ్చువేసి అమ్మే పుస్తకాలు ఆ హెచ్చరికను మాత్రం వదిలేస్తాయి.

మరి సందర్భం ఏం చేస్తుంది? పదానికి అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు 17వ శతాబ్దపు విశ్వనాథ పంచాననుడి న్యాయసిద్ధాంత ముక్తావళిలో ఎనిమిది దారులు కనిపిస్తాయి: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కనే ఉండడం. మూలాలు విడదీసే విద్య ఇందులో మొదటిదైన వ్యాకరణం కిందికి వస్తుంది. నేడు మనం సందర్భం అనేది ఒకటి కాదు, వాక్యశేషం, తెలిసిన పదం సాన్నిధ్యం అని కనీసం రెండు. మామిడి చెట్టు మీద పికం తియ్యగా కూస్తోందని ఎవరైనా అంటే, మామిడీ కూతా తెలిసినవాడికి పికం కోకిల అని తడుతుంది. ఇది తెలిసిన పదాల తోడు. వాక్యశేషానికి వాళ్ళు చెప్పే ఉదాహరణ యవలు. ఆ మాటను కొందరు బార్లీకి, కొందరు కొర్రలకు వాడేవారట. వేదవాక్యం తరువాతి భాగంలో, తక్కిన మొక్కలు వాడిపోయే కాలంలో ఇవి కళకళలాడుతుంటాయని ఉంది కనుక అక్కడ బార్లీయే అని తేల్చారు. ఇది అచ్చంగా నేటి పరీక్షల్లో గద్యం ఇచ్చి గీత గీసిన మాటకు అర్థం అడిగే ప్రశ్న. జవాబు ఆ మాటలో లేదు, రెండు వాక్యాల కింద ఉంది.

పికం గురించి మీమాంసకులు ఇంకో మాట కూడా చెప్పారు, నా దృష్టిలో అది ఈ చర్చ మొత్తానికి కీలకం. పిక, నేమ లాంటివి సంస్కృతం మాట్లాడేవారి మాటలు కావనీ, బయటివారి నుంచి వచ్చాయనీ మీమాంసా భాష్యకారుడు శబరుడు గుర్తించాడు. అలాంటప్పుడు ఏదో ఒక ధాతువును అతికించి అర్థం సాధించాలా, లేక ఆ మాటను వాడేవారిని అడగాలా? వాడేవారినే అడగాలన్నది సిద్ధాంతం. వేదార్థం కోసం ప్రాణం పెట్టేవాళ్ళు పరాయివాడి వాడుకకు తలవంచారంటే, వ్యుత్పత్తి పరిధి ఎంతో వాళ్ళకు బాగా తెలుసునన్నమాట.

నెల్లూరు తీరంలో ఆ సిద్ధాంతం అడుగడుగునా అక్కరకొస్తుంది. రాయదొరువు దగ్గర పులికాట్ ముఖద్వారం పూడిపోయిందని పత్రికల్లో తరచూ వస్తుంది. ఆ ఒక్క వాక్యంలోనే రెండు రకాల మాటలున్నాయి. ముఖద్వారం తత్సమం, విడదీయవచ్చు. కానీ విడదీస్తే వచ్చేది ఇంటి ముందరి వాకిలి. సరస్సు, పూడిక అనే మాటలు పక్కనుంటే తప్ప సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే దారి అని తోచదు. ఊరి పేరులో ఉన్న దొరువును ఎలా కోసినా ఏమీ రాలదు. ‘మూడడుగులు తవ్వితే దొరువులో తియ్యటి నీరు ఊరింది, ఇంకా లోతుకు పోతే ఉప్పు తగిలింది’ అన్న వాక్యం చదివించండి. ఇసుక నేలలో తవ్వుకునే లోతు తక్కువ నీటిగుంట అని పదో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు. వాననీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక ఇసుకలో దాని పైన పొరగా నిలుస్తుందన్న విజ్ఞానం కూడా అదే వాక్యం నుంచి రాబట్టుకోగలడు. మరో మాట, కయ్య. కయ్యం తెలిసినవాడికి తగాదా గుర్తొస్తుంది. ‘కయ్యకు నీళ్ళు పెట్టి వచ్చాడు’ అంటే అది నెల్లూరువాళ్ళ వరిమడి అని తెలిసిపోతుంది. అచ్చతెలుగు ఎక్కువయ్యే కొద్దీ సందర్భం పాలు పెరుగుతుంది. నెల్లూరులో కూర్చుని భారతం పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కనను చదివేవారికి, నన్నయను చదివేటప్పుడు పనికొచ్చిన సంస్కృత ధాతువులు అంతగా తోడురావు. పులికాట్ దీవుల పలుకుబడిలో స.వెం. రమేశ్ రాసిన ప్రళయకావేరి కథలకైతే ఏ ధాతుపాఠమూ పనికిరాదు. కథ నడకే నిఘంటువు.

సందర్భాన్ని నమ్ముకోమనడం తేలికే, అది అంత నమ్మకమైనదేనా అన్నది గట్టి ఆక్షేపణ. కాదు. 1983లో బెక్, మెక్యూన్, మెకాస్లిన్ అనే అమెరికన్ పరిశోధకులు పాఠ్యపుస్తకాల్లోని సందర్భాలను నాలుగు రకాలుగా విడదీశారు: అర్థాన్ని చేతిలో పెట్టేవి, ఇంచుమించుగా దారి చూపేవి, ఏమీ చెప్పనివి, తప్పుదారి పట్టించేవి. మాటను కప్పేసి పెద్దవాళ్ళను ఊహించమంటే, మొదటి రకంలో నెగ్గినవాళ్ళే చివరి రకంలో బోల్తా పడ్డారు. రచయితలు కథ చెప్పడానికి రాస్తారు, మాటల అర్థం నేర్పడానికి కాదు కదా. స్వాన్‌బోర్న్, డి గ్లాపర్ అనే డచ్ పరిశోధకులు అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 1999లో లెక్క వేస్తే, చదువుతూ పోయే క్రమంలో ఎదురైన కొత్త మాటల్లో నేర్చుకునేది సుమారు 15 శాతమేనని తేలింది. చుట్టూ ఉన్న మాటలు తెలియకపోతే ఆ కాస్తా ఉండదు. పేజీలో నూటికి 98 మాటలు తెలిసి ఉంటేగాని ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవడం సాఫీగా సాగదని హూ, నేషన్ 2000లో చూపించారు. ఇవన్నీ నిజాలే. కానీ ఇవి నా వాదనను కూల్చడం లేదు. ఒక్క సందర్భం బలహీనమైతే, ఒక్క మూలం మోసం చేస్తే, రెండూ ఒకే జవాబు మీద కలవడం అన్నదానికి విలువ పెరుగుతుంది. సాక్షులిద్దరూ వేరువేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళు. ఇద్దరూ ఒకే తప్పు చెప్పే అవకాశం తక్కువ.

ఇంకో ఆక్షేపణ, పరీక్ష హాల్లో ఇంత ఆలోచనకు వ్యవధి ఎక్కడుంది, పైగా తప్పుకు మార్కు కోస్తారు కదా అని. లెక్క చూద్దాం. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే పరీక్షల్లో ఇంగ్లీషు మాటల ప్రశ్నకు ఐదు జవాబులుంటాయి, తప్పుకు పావు వంతు కోత. మార్కు ప్రశ్నలు ఐదింటికి గుడ్డిగా గుర్తులు పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, నాలుగు తప్పవుతాయి. వచ్చిన మార్కు నాలుగు పావులుగా వెనక్కి పోయి సున్నా మిగులుతుంది. కోతను సరిగ్గా దానికోసమే అంత పెట్టారు. అదే మూలం సాయంతో రెండు జవాబులను కొట్టేయగలిగితే, మూడు ప్రశ్నలకు ఒక ఒప్పు, రెండు తప్పులు, అర మార్కు మిగులు. సందర్భం సాయంతో ఇంకొకటి కూడా పోతే రెండు ప్రశ్నలకు ముప్పాతిక మార్కు మిగులుతుంది. అర్థం కచ్చితంగా తెలియనక్కరలేదు, ఏది కాదో తెలిస్తే చాలు. మూలం బాగా చేసే పని కూడా ఏది కాదో చెప్పడమే కనుక దాన్ని ఆ పనికే వాడుకోవాలి. వ్యవధి మాట అంటారా, వరస మార్చుకుంటే అది కూడా కలిసొస్తుంది. జవాబుల వంక చూడకముందే వాక్యంలో ఆ మాట ఉన్న చోట తెలిసిన మాట ఒకటి పెట్టి చూడాలి. ఆ తరువాతే మాటను విడదీయాలి. ముందే విడదీస్తే పులికాట్‌లో పులి కనిపించినట్టే, వాక్యం నిండా లేని అర్థం కనిపిస్తుంది.

బట్టీయే మేలు కదా అనేవారికి ఒక్క మాట. బట్టీ పట్టిన మాట ఆ పట్టికలో ఉన్న రూపంలోనే అడిగితే పనికొస్తుంది. ప్రశ్న ఇచ్చేవారు మాత్రం కొత్త రూపం వెతుక్కుంటారు. అలాగని పై రెండు విద్యలూ నేర్పినంతమాత్రాన చదివినదంతా అర్థమైపోతుందని కూడా చెప్పలేం. 2000 తరువాతి ఏళ్ళలో జేమ్స్ బామన్ బృందం అమెరికాలో ఐదో తరగతి పిల్లలకు మూలాలూ సందర్భమూ కలిపి నేర్పి చూసింది. కొత్త మాటల అర్థం పట్టడంలో పిల్లలు మెరుగయ్యారు, పాఠాన్ని మొత్తంగా అర్థం చేసుకోవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాటల విద్యకు అంతవరకే పరిమితి, దాన్ని మించి ఆశపెట్టే ప్రకటనలను నమ్మనక్కరలేదు.

పరీక్షలు పెట్టేవారిలో కొందరు ఈ సంగతిని గ్రహించారు. అమెరికాలో శాట్ 1994లో వ్యతిరేకపదాల ప్రశ్నలను తీసేసింది. మన పిల్లలు వేలమంది రాసే జీఆర్ఈ, ఒంటరి మాటకు వ్యతిరేకపదం, పోలిక అడిగే ప్రశ్నలను పక్కనపెట్టి, వాక్యంలోని ఖాళీకి మాట వెతికే ప్రశ్నలను ఉంచింది. మన తెలుగు ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా విన్నపం కూడా అదే. వ్యుత్పత్త్యర్థాలను తీసేయమనడం లేదు. అర్థం అడిగేటప్పుడు మాటను ఒంటరిగా నిలబెట్టకుండా, చుట్టూ ఒక వాక్యం ఇచ్చి, అందులో దొరువు, కయ్య లాంటి ఊరి మాటలకూ చోటిచ్చి అడగండి. జీఆర్ఈ ఆ మార్పును 2011 ఆగస్టులోనే చేసింది.